గది హెలికాప్టర్ తర్వాత ఏది కొనాలి? అనంతపురం గాలికి తగిన ఎంపిక

హాల్లో సోఫా మీదుగా వెళ్లి టీవీ బల్ల పక్కన చక్కగా వాలే బుల్లి హెలికాప్టర్‌ను మేడ మీద ఎగరేస్తే ఏమవుతుందో అనంతపురంలో చాలా ఇళ్లకు తెలుసు. పిట్టగోడ దాటాక అది రిమోట్ మాట వినదు. పక్కవీధి వేపచెట్టులోనో, ఎవరి నీళ్ల ట్యాంకు వెనకో వెతుక్కోవాలి. ఆ తర్వాత అంగడికి వెళ్లి బయట ఎగిరేది కావాలని అడిగితే, రెండు మూరల పెట్టె ఒకటి దించి ముందుపెడతారు. పెద్దది కాబట్టి గాలికి ఆగుతుందంటారు. ఆగదు. గాలికి నిలవడానికీ పరిమాణానికీ ఉన్న సంబంధం వాళ్లు చెప్పినంత లేదు. కొనేముందు తేల్చుకోవలసినవి రెండే: ఆ యంత్రం పక్కకు జరగగలదా? మీరు ఎగరేసే వేళకు మీ దగ్గర గాలి ఎంత ఉంటుంది?

ఇంట్లోది బయట ఎందుకు నిలవదు

సైమా ఎస్107జీ లాంటి బొమ్మల్లో ఒకదానిపై ఒకటి రెండు రోటర్లు ఉంటాయి. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతూ ఒకదాని మెలితిప్పే బలాన్ని మరొకటి రద్దు చేస్తాయి. దీన్నే కోయాక్సియల్ అంటారు. పై రోటర్‌కు అడ్డంగా ఉండే బరువు కడ్డీ, కాస్త వాలగానే దాన్ని మళ్లీ నిటారుగా నిలబెడుతుంది. అందుకే ఆరేళ్ల పిల్లలు కూడా గంటలో నేర్చేసుకుంటారు. నిజానికి ఎగరేసే పని చాలావరకు యంత్రమే చేసుకుంటుంది. ముందుకూ వెనక్కూ కదలడానికి తోక చివర పడుకోబెట్టిన చిన్న ఫ్యాన్ ఉంటుంది. మొత్తం మూడు ఛానెళ్లు: ఎత్తు, ముందువెనకలు, ముక్కు తిరగడం. కుడికో ఎడమకో జరగమని చెప్పే స్టిక్కే రిమోట్‌లో లేదు. పక్కనుంచి గాలి తోస్తే ముక్కును గాలివైపు తిప్పి ముందుకు పోనివ్వడం తప్ప మార్గం లేదు. దాని ముందుకు పోయే వేగమేమో మనిషి నడక పాటిది. పైగా రిమోట్ పనిచేసేది పరారుణ కాంతితో. ఎండలో అదే కాంతి పుష్కలంగా ఉంటుంది కాబట్టి సంకేతం అందులో మునిగిపోతుంది.

అంగట్లో చూపించే రెండు మూరల పెట్టెలో ఉన్నది చాలాసార్లు ఇదే కోయాక్సియల్, ఇవే మూడు ఛానెళ్లు. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ గాలి తోయడానికి దొరికే చోటు కూడా పెద్దదవుతుంది. పెట్టె మీద బయట ఎగరేయవచ్చని రాసి ఉన్నా దాన్ని వదిలేయండి. ఈ మాటలో నాకు ఎలాంటి మెతకదనమూ లేదు.

ముందు గాలి, తర్వాత యంత్రం

రామగిరి కొండల మీద, ఉరవకొండ, వజ్రకరూరు వైపు బారులు తీరిన గాలిమరలను చూసినవారికి ఇక్కడి గాలి గురించి వేరే చెప్పనక్కరలేదు. (2022లో జిల్లాలు విడిపోయినప్పుడు రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది, గాలిలో మాత్రం వాటాలు పడలేదు.) నైరుతి రుతుపవనాల నెలల్లో వాన మొహం చాటేసినా పడమటి గాలి మాత్రం పగలంతా వీస్తుంది. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో చిన్న హెలికాప్టర్‌ను బయటికి తీయడం అంటే దానికి వీడ్కోలు చెప్పడమే.

గాలివేగం కొలవడానికి పరికరం అవసరం లేదు. బోఫర్ట్ కొలమానం చెట్ల ఆకులతోనే లెక్క తేలుస్తుంది. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలలాడితే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. వేపకొమ్మల చివర్లు ఆగకుండా ఊగుతూ, పలచటి జెండా విచ్చుకుంటే 12 నుంచి 19. దుమ్ము, కాగితాలు లేస్తే 20 దాటినట్టు. ఆకులు కదలనప్పుడు ఏదైనా ఎగురుతుంది. ఆకులు గలగలలాడినప్పుడు నాలుగు ఛానెళ్ల చిన్నది చెమటలు పట్టిస్తుంది. కొమ్మల చివర్లు ఊగేటప్పుడు కలెక్టివ్ పిచ్ (ఎగురుతుండగానే రెక్కల కోణం మార్చే ఏర్పాటు) ఉన్నదీ, దాన్ని ఎగరేయడం వచ్చిన చెయ్యీ రెండూ కావాలి. దుమ్ము లేచాక పెట్టె మూసేయడమే మేలు.

వేళ కూడా చూడాలి. అక్టోబరు చివర నుంచి మార్చి దాకా తెల్లవారి వెలుగు వచ్చిన తర్వాత గంట, గంటన్నర గాలి దాదాపు నిద్రలోనే ఉంటుంది. ఎండాకాలంలో పొద్దెక్కేసరికి ఎర్రనేల వేడెక్కి గాలి బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. మైదానంలో సుడిగాలులు తిరిగేది అప్పుడే. ఆకు కదలనట్టే ఉండి, హఠాత్తుగా హెలికాప్టర్ మీటరు పైకి లేచి మరుక్షణం కిందికి పడుతుంది. దీనికి తోడు వేడి గాలి పలచన. ఊరు సముద్ర మట్టానికి 330 మీటర్లకు పైన ఉంది. 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత, 15 డిగ్రీల దగ్గర సముద్ర తీరంలో ఉండే ప్రామాణిక సాంద్రత కన్నా సుమారు 12 శాతం తక్కువ. ఆ మేరకు రెక్కలు ఎక్కువ కష్టపడాలి, బ్యాటరీ త్వరగా అయిపోవాలి. ఎక్కడో చల్లటి దేశంలో తీసిన వీడియోలో ఎనిమిది నిమిషాలు ఎగిరింది కదా అని మే నెలలో ఇక్కడ అంతే ఆశించకూడదు.

నాలుగు ఛానెళ్ల ఫిక్స్‌డ్ పిచ్

ఇక్కడ రోటర్ ఒకటే. తోకలో నిలువుగా చిన్న రోటర్ ఉండి ఒళ్లు తిరిగిపోకుండా పట్టుకుంటుంది. నాలుగో ఛానెల్ వల్ల కుడి ఎడమలకు జరగడం వస్తుంది. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియోది కాబట్టి ఎండతో గొడవ లేదు. డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911ఎస్, బ్లేడ్ 120 ఎస్ ఈ జాతివే.

రెక్కల కోణం మారదు, అది బిగించి ఉంటుంది. ఎత్తు పెరగాలంటే రోటర్ వేగం పెరగాలి, తగ్గాలంటే వేగం తగ్గాలి. తిరిగే రోటర్ వేగం చిటికెలో మారదు కదా. ఆ చిన్న ఆలస్యమే దీని బలహీనత. ఎదురుగాలి తగిలితే ముక్కు పైకెత్తి లేస్తుంది. మీరు థ్రాటిల్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే స్టిక్) తగ్గిస్తారు. అది పట్టించుకునేలోపు గాలి ఆగిపోతుంది. ఇక రాయిలా పడుతుంది. కొత్తవారు తమ చేతిని తిట్టుకుంటారు గాని తప్పు చేతిది కాదు.

మరి ఎందుకు కొనాలి? పడినా బతుకుతుంది కాబట్టి. బరువు చాలా తక్కువ. నేలకు తగిలేలోపు థ్రాటిల్ పూర్తిగా దించితే చాలాసార్లు దుమ్ము దులిపి మళ్లీ ఎగరేయవచ్చు. పది, పన్నెండేళ్ల పిల్లలకు ఇవ్వడానికి ఇదే తగినది. కొనేటప్పుడు ఆరు అక్షాల గైరో (యంత్రం కదలికలను పసిగట్టి సరిచేసే పరికరం) ఉన్నదాన్ని అడగండి. మూడు అక్షాల గైరో తిరగడాన్ని మాత్రమే ఆపుతుంది. ఆరు అక్షాలదైతే స్టిక్ వదిలినప్పుడు యంత్రాన్ని సమతలానికి తెస్తుంది. బారోమీటర్‌తో తనంతట తానే ఎత్తు నిలుపుకొనే రకాలు కూడా వస్తున్నాయి. ఇంట్లో అవి ముచ్చటగా ఉంటాయి. బయట గాలి విసురుకు పీడనం మారితే ఆ పరికరం ఎత్తు మారిందనుకుని తికమకపడుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది: మీ బొటనవేలికి థ్రాటిల్ ఎప్పటికీ అలవాటు కాదు. ముందుకు వెళ్లాలనుకునేవారు దాన్ని కొనవద్దు.

ఆరు ఛానెళ్ల కలెక్టివ్ పిచ్

అసలు హెలికాప్టర్ ఎగిరే పద్ధతి ఇదే. రోటర్ దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. స్వాష్‌ప్లేట్ అనే పళ్లెం పైకీ కిందికీ కదిలి రెక్కల కోణాన్ని మారుస్తుంది. కోణం మారగానే ఎత్తే బలం మారుతుంది, ఎదురుచూపు లేదు. గాలి పైకి ఎత్తబోతే రెక్కలకు రుణకోణం (కిందికి తోసే కోణం) ఇచ్చి కిందికి నొక్కవచ్చు కూడా. గాలిలో ఇది నిలబడే రహస్యం అంతా అక్కడే ఉంది. బోర్లా ఎగరేసే విన్యాసాలు సాధ్యమయ్యేదీ ఆ రుణకోణం వల్లనే, అయితే ఆ సంగతి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు.

ఈ జాతిలో మొదటిదిగా చాలామంది చెప్పే పేరు ఎక్స్‌కే కే110. రోటర్ వ్యాసం దాదాపు పావు మీటరు, 3.7 వోల్టుల ఒంటి సెల్ బ్యాటరీ, రెక్కలకు బ్రష్‌లెస్ మోటారు. రిమోట్ మీది ఒక స్విచ్‌తో ఆరు అక్షాల గైరో తోడుగా ఉండే పద్ధతి నుంచి, తనంతట తాను సమతలానికి రాని త్రీడీ (విన్యాసాల) పద్ధతికి మార్చుకోవచ్చు. మొదటి నెలల్లో ఆ స్విచ్‌కు పొరపాటున వేలు తగలకుండా చూసుకోవాలి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే ఓఎంపీ హాబీ ఎం1 మెరుగైన యంత్రం. గేర్లు లేకుండా మోటారే నేరుగా రోటర్‌ను తిప్పుతుంది కాబట్టి పళ్లు అరిగే బాధ తప్పుతుంది.

ఇది పడితే మాత్రం ఖర్చు. రెక్కలు, ప్రధాన కడ్డీ, సర్వోల (స్వాష్‌ప్లేట్‌ను కదిపే చిన్న మోటార్ల) లోపలి పళ్లు ఒక్కోటీ చేతికొస్తాయి. అందుకే థ్రాటిల్ హోల్డ్ స్విచ్‌ను కళ్లు మూసుకుని కూడా నొక్కగలగాలి. పడబోతోందని తెలిసిన క్షణంలో మోటారు ఆపేస్తే నష్టం సగానికి సగం తగ్గుతుంది. చివరిదాకా కాపాడదామని థ్రాటిల్ పెంచినవారే ఎక్కువ విడిభాగాలు కొంటారు.

దీన్ని కొనేవారు కంప్యూటర్ సిమ్యులేటర్‌ను కూడా కొనాలి, ఇందులో బేరం లేదు. రియల్‌ఫ్లైట్, హెలి-ఎక్స్ లాంటివి ఉన్నాయి. రిమోట్‌ను యూఎస్‌బీ ద్వారా కలిపి సాధన చేయాలి, కీబోర్డుతో చేసే సాధన వేళ్లకు ఎక్కదు. రిమోట్ మోడ్ కూడా ముందే తేల్చుకోండి. మోడ్ 2లో థ్రాటిల్ ఎడమ స్టిక్ మీద, మోడ్ 1లో కుడి స్టిక్ మీద ఉంటుంది. మీకు నేర్పేవారు ఎవరైనా ఉంటే వాళ్లది ఏదైతే అదే తీసుకోండి. ఎవరూ లేకపోతే మోడ్ 2.

అసలు కాలమంతా పోయేది ముక్కు దిశల దగ్గర. తోక మీవైపు ఉన్నప్పుడు గాలిలో ఒకచోట నిలపడం కొన్నాళ్లకే పట్టుబడుతుంది. ముక్కు మీవైపు తిరిగిందా, కుడి ఎడమలు తారుమారవుతాయి. పనికొచ్చే కిటుకు ఒకటుంది: అది ఏ పక్కకు వాలుతోందో ఆ పక్కకే స్టిక్ తోయాలి, పడిపోయేదానికి కింద ఆసరా పెడుతున్నట్టు. ముక్కు మీవైపు ఉన్నప్పుడు మాత్రమే ఇది చెల్లుతుంది. సిమ్యులేటర్‌లో ఇది వేళ్లలోకి దిగేదాకా మైదానంలో తోక మీవైపే ఉంచి ఎగరేయండి. మొహానికి గాలి తగిలేలా నిలబడి, హెలికాప్టర్‌ను గాలి వచ్చే వైపునే ఉంచాలి. అదుపు తప్పినా గాలి దాన్ని మీవైపే తెస్తుంది, వేరుశనగ చేను దాటి తీసుకుపోదు. ఇంత చిన్న యంత్రం ఇరవై ముప్పై మీటర్లు దాటితే ముక్కేదో తోకేదో తెలియదు. మన ఆకాశపు వెలుగులో నల్లటి కానొపీ (ముందరి తొడుగు) నీడలా కనబడుతుంది. నారింజ లేదా పసుపు రంగుది ఎంచుకోండి, సూర్యుడిని వెనక పెట్టుకోండి.

450 తరగతి, జీపీఎస్ రకాలు

అలైన్ టీ-రెక్స్ 450 తరహా యంత్రాలు గాలిలో హుందాగా నిలుస్తాయి, దూరం నుంచి స్పష్టంగా కనబడతాయి, చూడగానే ఆశ పుడుతుంది. ఒక్కొక్క రెక్క 325 మిల్లీమీటర్లు. మొత్తం రోటర్ వ్యాసం సుమారు 71 సెంటీమీటర్లు. నిమిషానికి 2700 చుట్లు తిరిగితే రెక్క అంచు వేగం గంటకు 360 కిలోమీటర్లు. ఆ అంకె చాలు. ఇది బొమ్మ కాదు, పిల్లలు చుట్టూ మూగే చోట దీన్ని తిప్పకూడదు. మూడు సెల్‌ల 2200 మిల్లీయాంపియర్ అవర్ బ్యాటరీ, దానికి తగిన బ్యాలెన్స్ ఛార్జర్ (సెల్‌లన్నిటినీ సమంగా నింపేది), సర్దుబాటు తెలిసిన గురువు, ఈ మూడూ అమరాలి. గది హెలికాప్టర్ నుంచి నేరుగా దీనికి దూకాలనుకునే పెద్దవాళ్లు ఉన్నారు, చేతిలో డబ్బుంటే అలాంటి ఆలోచనలే వస్తాయి. చిన్న కలెక్టివ్ పిచ్ మీద ముక్కు నాలుగు దిశలకూ తిప్పి నిలపగలిగాక చూడవచ్చు.

జీపీఎస్‌తో ఒకచోట తనంతట తానే నిలిచే 450లు కూడా వస్తున్నాయి. అందంగా ఉంటాయి. కానీ ఎగరేసేది మీరు కాదు. జీపీఎస్ సంకేతం చెడినప్పుడు అదే బరువు, అదే రెక్కల వేగం ఏమీ నేర్వని చేతికి వస్తాయి.

పైనుంచి మీ ఊరిని చూడాలన్నదే మీ కోరికైతే హెలికాప్టర్ జోలికే రాకండి, కెమెరా ఉన్న నాలుగు రెక్కల డ్రోన్ చాలు. గాలిలో హాయిగా తేలడమే కావాలంటే ఫోమ్ విమానం ఇంకా చవక, ఇంకా తేలిక. దానికి మాత్రం వాలడానికి పొడవైన ఖాళీ స్థలం కావాలి.

ఎక్కడ ఎగరేయాలి

ఆర్ట్స్ కాలేజీ మైదానం, పీటీసీ మైదానం దగ్గరే ఉన్నాయి కానీ మీకు గాలి అనుకూలించే ఆ ఉదయపు గంటలోనే నడకకు వచ్చేవారూ, క్రికెట్ ఆడేవారూ అక్కడ ఉంటారు. ఊరి బయట కోత అయిన వేరుశనగ చేలు మేలు, యజమానిని అడిగి వెళ్లండి. మెత్తటి ఎర్రనేల పడినదాన్ని కరుణిస్తుంది. దుమ్ము మాత్రం కరుణించదు: రెక్కల గాలికి లేచిన సన్నటి ఎర్రమన్ను గేర్లలోకి, సర్వోల్లోకి చేరుతుంది. గోనెసంచో టార్పాలిన్ ముక్కో పరిచి దాని మీది నుంచే లేపండి, దాని మీదే దించండి. తాడిపత్రి వైపు నల్లరేగడిలో అయితే ఎండాకాలపు నెర్రెల్లో పడిన చిన్న స్క్రూ మళ్లీ దొరకదు. బోరు మోటార్ల కరెంటు తీగలు, గొర్రెల మందలు, గద్దలు, ఇవి ఎక్కడికి వెళ్లినా ఉంటాయి.

చట్టం సంగతి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు రోటర్‌తో ఎగిరేవాటికీ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. నానోకు, వ్యాపారానికి వాడని మైక్రోకు పైలట్ లైసెన్సు అక్కరలేదు. వీ911ఎస్, కే110 లాంటివి నానోలోకి వస్తాయి, 450 తరగతి మైక్రోలోకి వెళుతుంది. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతంలో) 400 అడుగుల ఎత్తు వరకే. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే, ఇంకా దగ్గరైతే అనుమతి కావాలి. అనంతపురం పట్టణానికి ఈ వలయం బాధ లేదు. కడపలో విమానాశ్రయం నగరానికి దగ్గరే కాబట్టి డిజిటల్ స్కై (డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైట్) పటం చూడకుండా బయలుదేరవద్దు. పుట్టపర్తిలోనూ అంతే. కర్నూలు మిత్రులు ఓర్వకల్లు వైపు వెళ్లకపోవడమే మంచిది. అక్కడ విమానాశ్రయం ఉంది, డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూపింది ఆ క్షేత్రంలోనే.

బ్యాటరీలు, విడిభాగాలు

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సెల్ నిండితే 4.2 వోల్టులు. ఎగరేసేటప్పుడు 3.5కి దగ్గరపడ్డాక దించేయాలి, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండా ఛార్జ్ చేసి వారాల తరబడి బీరువాలో పెడితే ఉబ్బుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలితే ఇంకా త్వరగా ఉబ్బుతుంది. ఎగిరి వచ్చిన వేడి బ్యాటరీని చల్లారనిచ్చి ఛార్జ్‌కు పెట్టాలి. అదీ పరుపు మీదో చాప మీదో కాకుండా ఉత్త కడప బండ మీద, మనిషి కళ్లెదుట. పెట్టెలో వచ్చే ఒక్క బ్యాటరీతో ఉదయం ఐదారు నిమిషాల్లో ముగిసిపోతుంది. మరో మూడైనా కొనండి.

విడిభాగాలు ఊళ్లో దొరకవు. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించాలి. విదేశీ సైట్‌లో చవకగా కనబడినది కస్టమ్స్‌లో చిక్కుకుంటే గాలి లేని నెలలన్నీ ఎదురుచూపులో గడిచిపోతాయి. కాబట్టి ఏ రెండు యంత్రాల మధ్య ఊగిసలాడినా, దేశంలో రెక్కలు, గేర్లు, తోక మోటారు దొరికేదాన్ని తీసుకోండి. వాటిని హెలికాప్టర్‌తోపాటే ఆర్డర్ చేయండి.

వేకువన గంటసేపు బయటికి వెళ్లగలిగి, సిమ్యులేటర్‌కు ఓపిక ఉన్న పెద్దవారికి నా సలహా కే110 తరహా. పిల్లలకు, లేదా సెలవుల్లో సరదాగా మాత్రమే ఎగరేసేవారికి నాలుగు ఛానెళ్లది. సాయంత్రం ఆఫీసు తర్వాత తప్ప తీరిక లేనివారు కలెక్టివ్ పిచ్‌కే వెళ్లాలి, ఆ వేళ గాలి ఫిక్స్‌డ్ పిచ్‌ను సాధారణంగా ఎగరనివ్వదు. ఏది తీసుకున్నా జూన్‌లో కొనకండి. గాలి నెలల్లో రిమోట్, సిమ్యులేటర్ తెచ్చుకుని సాధన చేయండి. యంత్రాన్ని సెప్టెంబరు చివర ఆర్డర్ చేస్తే, వేరుశనగ కోతలు అయి చేలు ఖాళీ అయ్యేసరికి విడిభాగాలతో సహా ఇంటికి చేరుతుంది.